లెక్కలు ఆడపిల్లలకు రావంటే నేనొప్పుకోను

టీచరమ్మను అడగండి: పాఠకుల ప్రశ్నలకు తిరుపతి నుంచి ఒక రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే. చిన్న బడిలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ చదువు సమానంగా అబ్బుతోందా అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి, ఈ నాలుగింటికి జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటిచ్చాను. రాసింది ఒక్క తల్లే అయినా ఆ మాట మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఎన్నో ఇళ్లల్లో విన్నాను.

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మాది నారాయణవనం పక్క పల్లె. మా ఆయన, నేను మరమగ్గాల మీద కూలికి నేస్తాము. పాప గవర్నమెంటు బడిలో నాలుగో తరగతి. తెలుగు గడగడా చదువుతుంది, లెక్కలంటే మాత్రం ఏడుపే. పిల్లోడు రెండో తరగతి. వాడిని పుత్తూరులో ఇంగ్లీషు మీడియం కాన్వెంటులో వేశాము. వాడు లెక్కలు చకచకా చేసేస్తాడు. "ఆడపిల్లల బుర్రకు లెక్కలు ఎక్కవు, దానికి ట్యూషన్ దండగ" అంటాడు మా ఆయన. నాకూ లెక్కలు రావు కదా, నిజమేనేమో అనిపిస్తుంది. బుర్రలోనే తేడా ఉంటుందా?

జవాబు: లేదమ్మా. ఇన్నేళ్లు పిల్లల మధ్య గడిపిన నమ్మకంతో చెబుతున్నాను, కొలిచి చూసినవాళ్లు తేల్చినదాన్ని బట్టి కూడా చెబుతున్నాను.

ఫ్రాన్స్ దేశంలో ఒకటో తరగతిలో చేరిన పిల్లలందరికీ బడి తెరిచిన కొత్తలోనే ఒక పరీక్ష పెడతారు. 2018 నుంచి 2021 దాకా అలా చేరిన 25 లక్షల మందికి పైగా పిల్లల మార్కులు పరిశీలించి, 2025లో ఆ ఫలితం ప్రచురించారు. చేరిన రోజుల్లో లెక్కల్లో ఆడపిల్లలకూ మగపిల్లలకూ తేడా దాదాపు లేదు. నాలుగు నెలలు బడికి వెళ్లాక తేడా మొదలైంది. ఏడాది తిరిగేసరికి బాగా పెరిగింది. బుర్రలోనే తేడా ఉండుంటే చేరిన రోజే కనబడాలి కదా.

అది డబ్బున్న దేశం, మన సంగతి వేరు అంటారేమో మీ ఆయన. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో అయిదేళ్ల పాటు ఏటా పిల్లలకు పరీక్ష పెట్టి సేకరించిన మార్కుల మీద కార్తీక్ మురళీధరన్, కేత్కీ షేత్ అనే ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం చేశారు. తరగతులు పెరిగేకొద్దీ ఆడపిల్లలు మగపిల్లల కంటే కొంచెం కొంచెంగా వెనకబడుతున్నట్టు తేలింది. లెక్కల్లో ఆ వెనకబాటు తెలుగులో కంటే రెట్టింపు. ఒక్క ఏడాది చూస్తే చాలా చిన్నది, ప్రోగ్రెస్ కార్డులో కంటికి ఆనదు. కానీ ప్రతి ఏడూ కొంత తగ్గుతోందంటే, ప్రతి ఏడూ ఆ పిల్లలకు ఏదో అందకుండా పోతోందన్న మాట. అదేమిటో ఇంట్లోనూ బడిలోనూ వెతకాలి.

ముందు మీ ఇల్లు చూద్దాం. రెండో తరగతి లెక్కలను నాలుగో తరగతి లెక్కలతో పోలుస్తున్నారు మీరు. రెండులో కూడికలు, చిన్న తీసివేతలు, ఎక్కాల మొదలు. నాలుగుకు వచ్చేసరికి పెద్ద గుణకారాలు, భాగహారాలు, భిన్నాలు. వాడు కూడా నాలుగుకు రానివ్వండి, అప్పుడు చూద్దాం. పైగా పిల్లోడికి ఫీజు కట్టే బడి, డైరీలో హోంవర్కు, పక్కన కూర్చుని చేయించే పెద్దవాళ్లు ఉంటారు. ఆ సమయంలో పాప ఏం చేస్తుందో మీరు రాయలేదు. నేను చూసిన ఇళ్లల్లో ఆ వయసు ఆడపిల్ల బడి నుంచి రాగానే అంట్ల దగ్గరో, నీళ్ల బిందె దగ్గరో, తమ్ముడి వెనకాలో ఉండేది. మీ ఇంట్లో అలా లేకపోతే సంతోషం.

కొడుకును కాన్వెంటులో, కూతురిని గవర్నమెంటు బడిలో వేయడం మీ ఒక్క ఇంటి సంగతి కాదు. 2002 నుంచి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3,000 మంది పిల్లల ఎదుగుదలను గమనిస్తూ వస్తున్న యంగ్ లైవ్స్ పరిశోధన కూడా ఇదే చూసింది. డబ్బు ఒకరికే సరిపోయేలా ఉంటే అది మగపిల్లాడి ఫీజుకు పోతుంది. అయితే ఆ ఫీజుతో ఏమొస్తుందో కూడా తెలుసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లోనే 180 పల్లెల్లో లాటరీ తీసి, తగిలిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టి చదివించారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలినవాళ్లకూ తగలనివాళ్లకూ తేడా కనబడలేదు. హిందీ మాత్రం ప్రైవేటులో చదివినవాళ్లకు ఎక్కువ వచ్చింది. కాబట్టి పాపను కాన్వెంటుకు మార్చమని నేను చెప్పను. రోజూ ఒక అరగంట ఇంటిపని లేకుండా లెక్కల ముందు కూర్చునే తీరిక ఇవ్వండి. ట్యూషన్ దండగ అన్న మాటకు కూడా ఒక జవాబుంది. 2025లో తల్లికి వందనం అనే రాష్ట్ర ప్రభుత్వ పథకం కింద, అర్హత ఉన్న ఇళ్లలో చదువుకునే ప్రతి బిడ్డకూ 13,000 రూపాయలు తల్లి ఖాతాలో వేశారు. పాప పేరు మీద వచ్చింది పాప చదువుకే ఖర్చు పెడతానని మీ ఆయనతో మెల్లగా, గట్టిగా చెప్పండి.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఈ రాత్రి పాప చేత 52లోంచి 27 తీసివేయించండి. 25 వస్తే బాగుంది. 35 అని రాస్తే తిట్టకండి. ఏడులోంచి రెండు తీసింది, అయిదులోంచి రెండు తీసింది, అంతే. పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలని ఎవరో చెప్పింది గుర్తు పెట్టుకుంది. పదులు, ఒకట్లు అనేవి ఇంకా మనసుకు ఎక్కలేదు. రెండో తరగతిలో ఇది తప్పిపోతే నాలుగో తరగతి లెక్క చూసి ఏడవక ఏం చేస్తుంది? పల్లె పిల్లలకు చదువు ఎంత వచ్చిందో చూసే అసర్ సర్వేవాళ్లు ఇంటింటికీ వచ్చి పిల్లల్ని అడిగేది ఇలాంటి తీసివేతే. 2024లో మన దేశపు పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో దాన్ని చేయగలిగినవాళ్లు ఆడా మగా కలిపి 33.7 శాతమే. అంటే వందలో మూడింట రెండు వంతుల మంది మీ పాపలాంటివాళ్లే.

పుస్తకం మూసి అయిదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు తన చేతికివ్వండి. "నాకు 27 రూపాయలు ఇయ్యి" అనండి. రెండు నోట్లు ఇచ్చేస్తుంది. ఏడు బిళ్లలు ఇవ్వాలి, దగ్గర రెండే ఉన్నాయి. కాసేపు చూసి, పది నోటుకు చిల్లర కావాలని తనే అడుగుతుంది. మీరు చెప్పకండి, అడిగేదాకా ఆగండి. నోటు తీసుకుని పది బిళ్లలివ్వండి. పన్నెండు బిళ్లల్లోంచి ఏడు మీకిస్తే అయిదు, రెండు నోట్లు, మొత్తం 25 మిగులుతాయి. ఆ డబ్బు కళ్ల ముందు ఉండగానే అదే లెక్క పలక మీద రాయించండి. అయిదు కొట్టేసి నాలుగు ఎందుకు చేస్తారో, రెండు పక్కన ఒకటి ఎందుకు చేరుస్తారో అప్పుడు తెలుస్తుంది. రోజుకు ఇలాంటివి నాలుగైదు చాలు.

రాయించడం మాత్రం మానకండి. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులు అమ్మే పిల్లల మీద 2025లో ఒక పరిశోధన వచ్చింది. బేరం లెక్కలు నోటితో తడుముకోకుండా చెప్పిన పిల్లలు, అదే లెక్క బడిలో ఇచ్చినట్టు కాగితం మీద ఇస్తే చాలామంది చేయలేకపోయారు. బడి పిల్లలకేమో అంగడి లెక్కల దగ్గర చిక్కు వచ్చింది. ఒకటి వస్తే రెండోది దానంతటదే రాదు, రెండింటినీ పక్కపక్కన పెట్టి నేర్పాలి.

మన పల్లెల్లో ఏడెనిమిదేళ్ల మగపిల్లాడిని అంగడికి పంపుతాం, పాలు పోయడానికి పంపుతాం. చిల్లర లెక్క వాడికి రోజూ చేతికి తగులుతుంది. ఆడపిల్లను ఇంట్లోనే ఉంచేస్తాం. పాపను కూడా పంపండి. దూరమైతే వెంట వెళ్లి, డబ్బు తన చేత ఇప్పించి, చిల్లర తన చేత లెక్కపెట్టించండి. కూలి డబ్బు వచ్చినప్పుడు ఎన్ని మీటర్లు నేశారో, మీటరుకు ఎంతో చెప్పి, మొత్తం ఎంత రావాలో పాపను తేల్చమనండి. నాలుగో తరగతి పిల్లకు అంతకంటే మంచి గుణకారం ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఇంకొక్క మాటమ్మా. "నాకూ లెక్కలు రావు" అని ఆ పిల్ల ముందు ఇంకెప్పుడూ అనొద్దు. డ్వాక్రా సంఘంలో కంతు ఎంత, అందులో వడ్డీ ఎంత, ఇంకా ఎన్ని నెలలు కట్టాలి, ఇవన్నీ మీకు నోటికి వచ్చే ఉంటాయి. అవీ లెక్కలే. పాప ముందే చేయండి.

ప్రశ్న: మేడమ్, నేను పలమనేరు వైపు ఒక పల్లెలో ఎస్‌జీటీని, అంటే చిన్న తరగతుల టీచరును. ఒకటి నుంచి అయిదు దాకా ఇద్దరమే ఉపాధ్యాయులం, ఇద్దరమూ మగవాళ్లం. టీచరమ్మ ఉంటే ఆడపిల్లలు బాగా నేర్చుకుంటారని ఎక్కడో చదివాను. అలా అయితే మా బడి ఆడపిల్లలకు అన్యాయం జరుగుతున్నట్టేనా?

జవాబు: సార్, ఇలా అడగాలని మీకు అనిపించినందుకు ముందు నా నమస్కారం. మీరు చదివింది పైన నేను చెప్పిన మురళీధరన్, షేత్ అధ్యయనం గురించే అయ్యుంటుంది. మహిళా టీచరు చెప్పిన ఏడాది ఆడపిల్లలు కొంత ఎక్కువ నేర్చుకున్నారు, ఆమె దగ్గర చదివిన మగపిల్లలకు నష్టమేమీ కలగలేదు. మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి అందులోనే ఉంది. టీచరు ఆడా మగా అన్నదాన్ని బట్టి హాజరు మారలేదు. టీచరమ్మ ఉందని ఆడపిల్లలు ఎక్కువ రోజులు బడికి రాలేదు, వచ్చిన రోజుల్లోనే ఎక్కువ నేర్చుకున్నారు. అంటే తేడా గదిలో జరిగే మాటామంతీలో ఉంది. దాన్ని మగ టీచరు కూడా సరిచేసుకోవచ్చు.

టర్కీలో ఇస్తాంబుల్ నగరపు ప్రాథమిక బడుల్లో టీచర్ల అభిప్రాయాలు అడిగి తెలుసుకుని, వాళ్ల దగ్గర చదివిన పిల్లల మార్కులతో పక్కపక్కన పెట్టి చూశారు. ఆడవాళ్ల పని వేరు, మగవాళ్ల పని వేరు అనే పాత ఆలోచన గట్టిగా ఉన్న టీచరు దగ్గర ఏడాదికి మించి చదివిన ఆడపిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ తగ్గారు. మగపిల్లలకు ఏమీ కాలేదు. మనం నోటితో అనకపోయినా పిల్లలకు అందుతుంది సార్.

ఒక వారం ఈ పని చేయండి. పిల్లల పేర్ల పట్టీ ఒకటి దగ్గర పెట్టుకుని, ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఆ పేరు ఎదుట పెన్సిల్‌తో గీత పెట్టండి. లెక్క చేయడానికి బోర్డు దగ్గరికి పిలిస్తే సున్నా చుట్టండి. శనివారం చూసుకోండి. చేయి ఎత్తినవాళ్లనే అడిగే అలవాటుంటే గీతలన్నీ ముందు కూర్చునే ఇద్దరు ముగ్గురు మగపిల్లల దగ్గరే పోగవుతాయి. ఆ తర్వాతి వారం పేరు పెట్టి పిలవండి. ఆడపిల్ల తల దించుకోగానే పక్కవాడిని అడిగేయకుండా, మనసులో పది లెక్కపెట్టేంత సేపు ఆగండి. అంతసేపు ఆగడం టీచరుకు కష్టం, నాకు తెలుసు. ఆగితే చెబుతారు.

ఆడపిల్లల నోటుబుక్కు చూసి "రాత ముత్యాల్లా ఉంది" అని మెచ్చుకుంటాం. లెక్క ఏ దారిలో చేసిందో కూడా అడిగి, ఆ దారిని మెచ్చుకోండి. గది ఊడవడం, అంగడికి వెళ్లి రావడం, ఈ పనులు ఆడా మగా అందరికీ వంతులు వేయండి. మధ్యాహ్న భోజనానికి ఈ రోజు ఎంతమంది, ఎన్ని గుడ్లు కావాలి, ఎన్ని మిగిలాయి అన్న లెక్క అయిదో తరగతి ఆడపిల్లల చేతికివ్వండి. ఇద్దరే ఉన్నారు కాబట్టి రోజుకు ఒక గంట తరగతులు మరిచిపోయి, తీసివేత రానివాళ్లందరినీ ఒకచోట, వచ్చినవాళ్లను ఇంకోచోట కూర్చోబెట్టి చెప్పండి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఇలా స్థాయిని బట్టి చెప్పే పద్ధతిని చాలా రాష్ట్రాల్లో చేసి చూపించింది.

టీచరమ్మ కావాలని అర్జీ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. అయిదో తరగతి ఆడపిల్ల కొన్ని సంగతులు మీతో చెప్పుకోలేదు. అంతవరకు అంగన్‌వాడీ టీచరమ్మకో, వంట చేసే అమ్మకో ఆ బాధ్యత అప్పగించి, పిల్లలకు కూడా ఆ మాట చెప్పి ఉంచండి.

ప్రశ్న: అమ్మా, అందరూ ఆడపిల్లల చదువు గురించే రాస్తున్నారు. మా ఇంట్లో కథ వేరు. మాది శ్రీకాళహస్తి. మనవడు మూడో తరగతి, కూడబలుక్కుని కూడా చదవలేడు. వాడి చెల్లెలు వాడికంటే బాగా చదువుతుంది. "మగపిల్లాడు కదా, పెద్దయితే అదే వస్తుంది" అంటుంది మా కోడలు. ఆగమంటారా?

జవాబు: ఆగొద్దన్నా. చదవడంలో మగపిల్లలు వెనకబడటం లోకమంతా ఉంది. 2021లో 57 దేశాల్లో జరిగిన పిర్ల్స్ అనే చదువు పరీక్షలో దాదాపు అన్నిచోట్లా ఆడపిల్లలే ముందున్నారు. మన దగ్గర 2023లో అసర్ వాళ్లు 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్లవాళ్లను పరీక్షించారు. రెండో తరగతి స్థాయి పాఠం తమ ప్రాంతీయ భాషలో చదవగలిగినవాళ్లు ఆడపిల్లల్లో 76 శాతం, మగపిల్లల్లో 70.9 శాతం. పద్నాలుగు దాటిన మగపిల్లల్లో వందకు 29 మందికి ఇంకా రాలేదంటే, పెద్దయితే అదే వస్తుందన్న మాట ఎలా నమ్ముతాం? లెక్కల్లో ఆడపిల్లను ముందే వదిలేస్తున్నాం, చదవడంలో మగపిల్లాడిని ముందే వదిలేస్తున్నాం. నాకు రెండూ ఒకే బాధ.

ముందు వాడి కళ్లు చూపించండి. బోర్డు సరిగా కనబడక చదువు రాని పిల్లల్ని నేను చూశాను. ఆ తర్వాత మూడో తరగతి వాచకం పక్కన పెట్టి, ఎక్కడ ఆగిపోతున్నాడో వెతకండి. చాలామంది గుణింతాల దాకా వచ్చి ఒత్తుల దగ్గర నిలిచిపోతారు. సాయంత్రం బస్టాండుకు తీసుకెళ్లి బస్సుల బోర్డులు చదివించండి. రేణిగుంటలో ఒత్తు లేదు, దానితో మొదలుపెట్టండి. తర్వాత ఏర్పేడు, తొట్టంబేడు, పిచ్చాటూరు, సూళ్లూరుపేట. ఇవి వచ్చాక మీ ఊరి పేరు చదవమనండి. శ్రీలో ఒక ఒత్తు, స్తిలో ఇంకొకటి ఉంది, అది చదివిన రోజు వాడికి ధైర్యం వస్తుంది. రాత్రి పడుకునే ముందు మీరు ఒక కథ పైకి చదివి, చివరి రెండు వాక్యాలు వాడి చేత చదివించండి. చెల్లెలితో పోల్చే మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. కొన్ని నెలలు ఇలా చేసినా అక్షరాలు తారుమారవుతూ ఉంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రానికి తీసుకెళ్లి చూపించండి.

ప్రశ్న: నేను తిరుపతిలో పీజీ చదువుతున్నాను మేడమ్. సెమినార్ పేపరుకు ఈ విషయమే తీసుకున్నాను. పేద దేశాలన్నిటిలో చదువులో ఆడపిల్లలే వెనకబడ్డారని రాస్తే సరిపోతుందా?

జవాబు: అలా రాయకు తల్లీ. బడిలో చేరడాన్నీ, చేరి నేర్చుకోవడాన్నీ విడివిడిగా చూడు. అఫ్గానిస్తాన్‌లోని ఘోర్ ప్రాంతంలో దూరపు బడికి బదులు ఊళ్లోనే బడి పెట్టి చూశారు. ఆడపిల్లల చేరిక 52 శాతం పాయింట్లు పెరిగి మగపిల్లలతో సమానమైంది. మార్కుల్లో తేడా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మన దేశపు పల్లెల్లో 2024 అసర్ ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో 98.1 శాతం మంది పేర్లు బడిలో ఉన్నాయి, కాబట్టి మన ప్రశ్న ఇప్పుడు చేరిక గురించి కాదు. దక్షిణాఫ్రికాలో అయితే చిన్న తరగతుల్లో చదవడంలో బాగా వెనకబడింది మగపిల్లలే. ఒక్క వాక్యంలో అన్ని దేశాలనూ కట్టేస్తే ఈ తేడాలన్నీ మాయమవుతాయి.

నువ్వు ఉన్న ఊళ్లోనే నీకు కావలసింది చాలా ఉంది. యంగ్ లైవ్స్ పరిశోధనకు ఆంధ్రప్రదేశ్‌లో సమాచారం సేకరించడంలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం భాగస్వామి. అక్కడ అడుగు. దానికి నీ సొంత పరిశీలన ఒకటి కలుపు. ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని చంద్రగిరి వైపు రెండు మూడు బడులకు వెళ్లి, లెక్కల పీరియడులో వెనక కూర్చుని, బోర్డు దగ్గరికి ఎవరిని ఎన్నిసార్లు పిలిచారో రాసుకో. టీచరును తప్పుపట్టే ముఖంతో వెళ్లకు, పీరియడు అయ్యాక నువ్వు రాసుకున్నది ముందు వాళ్లకే చూపించు. పేపరు పూర్తయ్యాక పత్రిక చిరునామాకు నా పేరున ఒక కాపీ పంపు. చదివి జవాబు రాస్తాను.